ఫైలు మూడు పేజీలు, సగం గడుల్లో ‘తెలియదు’. ఎవరిని ఏమి అడగాలి?

లబ్బీపేట_లత
నిన్న రాత్రి భోజనాలవేళ కేరింగ్స్ (ప్రభుత్వ దత్తత వెబ్‌సైటు) నుంచి మెసేజ్ వచ్చింది. మూడేళ్లకు పైగా ఎదురుచూసిన మెసేజ్. ఆడపిల్ల, ఏడు నెలలు, వేరే జిల్లా శిశుగృహలో ఉంది. 48 గంటల్లో రిజర్వు చేసుకోవాలి. మా ఆయన గోడ గడియారం కింద కుర్చీ వేసుకుని కూర్చున్నారు, రైలు తప్పిపోతుందేమో అన్నట్టు.

ఫొటో చూసి ఏడ్చాను. తరువాత ఫైలు తెరిచాను. చేరినప్పటి బరువు 1.8 కిలోలు, ఇప్పుడు 5.9. తల చుట్టుకొలత 41 సెంటీమీటర్లు. హెచ్ఐవీ, హెపటైటిస్ బి నెగటివ్. కళ్లు ‘నార్మల్’. చెవుల ఎదురుగా ఒక గీత. సామాజిక నేపథ్యం అన్నచోట ఒకే వాక్యం: ‘పరిత్యక్త శిశువు, తల్లిదండ్రుల వివరాలు తెలియవు.’

పెళ్లి సంబంధం వస్తే మా అత్తగారు అబ్బాయి మేనత్త తోడికోడలు ఏ ఊరో తెలుసుకునేదాకా నిద్రపోరు. ఇక్కడ ఒక మనిషి మొత్తానికి ఒక్క వాక్యం. ఎవరిని అడగాలి, ఏమి అడగాలి? ఎక్కువ అడిగితే ‘వీళ్లకు బిడ్డ మీద మనసు లేదు’ అనుకుంటారేమోనని భయం కూడా ఉంది.

మిరపయార్డు_మావయ్య
అడగడానికి ఏముందమ్మా. గేదెను కొనేటప్పుడు పళ్లు చూస్తారు, పొదుగు చూస్తారు. బిడ్డను అలా చూస్తారా? కడుపున పుట్టే బిడ్డకు ముందుగా రిపోర్టు వస్తుందా? దేవుడిచ్చాడు, తెచ్చుకోండి.

సత్యనారాయణపురం_సుబ్బు
మావయ్య గారూ, కడుపున పుట్టే బిడ్డకు తొమ్మిది నెలల్లో నాలుగు స్కానింగులు చేయిస్తున్నారు. మీ ఇంట్లో చేయించలేదా?

మిరపయార్డు_మావయ్య
మా రోజుల్లో స్కానింగులు లేవు. మంత్రసాని ఉండేది. ఆవిడ చెప్పిందే రిపోర్టు.

ఉయ్యాల_2019
లత గారూ, ముందు గడియారం సంగతి. రిజర్వు చేయడం అంటే సంతకం పెట్టేయడం కాదు. రిజర్వు చేశాక మీరు వెళ్లి పాపను చూస్తారు, దత్తత కమిటీ మీతో మాట్లాడుతుంది, అంగీకార పత్రం మీద సంతకం ఆ తరువాతే. వైద్య నివేదికను మీకు నచ్చిన డాక్టరుకు చూపించుకునే హక్కు నిబంధనల్లోనే రాసి ఉంది. ఎవరో దయతలచి ఇచ్చే అనుమతి కాదు. కాబట్టి ఈ రోజే ఒక పిల్లల డాక్టరుకు ఫైలు చూపించండి, మనసు ఒప్పితే రిజర్వు చేయండి, మిగతా ప్రశ్నలు అక్కడికి పట్టుకెళ్లండి.

మేము గుంటూరు నుంచి వెళ్లాం, 2019లో. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. భయం, సంతోషం, దారి పొడుగునా ఎండ. మా అబ్బాయిని ఒళ్లో పెట్టగానే నోరు పెగల్లేదు. ఇప్పుడు వాడు ‘నేను మొదట ఎవరికి దొరికాను’ అని అడుగుతున్నాడు. ఫోను చేస్తే ఆ రోజుల్లో పనిచేసినవాళ్లు ఎవరూ లేరు. అప్పుడు పక్క గదిలోనే ఉన్నారు అందరూ.

గుణదల_గోపి
మాకు దత్తత ఉత్తర్వు కోర్టు నుంచి వచ్చింది, ఏడాది తిరిగాం. 2022 సెప్టెంబరు 1 నుంచి కలెక్టరే ఇస్తున్నారట కదా?

ఉయ్యాల_2019
అవును. 2015 నాటి బాలల న్యాయ చట్టాన్ని 2021లో సవరించారు, అది ఆ తేదీ నుంచి అమలు. రెండు నెలల్లో తేల్చాలని ఉంది. ఇక్కడ దారి తప్పొద్దు గోపి గారూ, లత గారికి గడియారం నడుస్తోంది.

నిర్వాహకుడు
మొదటి పోస్టులో ఉన్న పాప ఫొటో, శిశుగృహ పేరు తీసేశాను. సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు బయటపెట్టడం బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం. తెలియక పెట్టారని తెలుసు. ఇంకెవరూ పెట్టకండి.

లబ్బీపేట_లత
క్షమించండి. సంతోషంలో పెట్టేశాను.

అరండల్‌పేట_పిల్లలడాక్టరు
పాపను చూడకుండా నేను తీర్పు చెప్పకూడదు. కానీ మీరు రాసిన అంకెల మీద కొన్ని మాటలు చెప్పవచ్చు.

41 సెంటీమీటర్లు అన్నది ఏడు నెలల ఆడపిల్లకు సగటు కన్నా కొంచెం తక్కువ, కంగారు పడేంత కాదు. అయితే ఒక్క కొలతతో ఏమీ తేలదు. తల, బరువు, పొడవు నెలనెలా రాసిన కాగితం అడగండి. ఆ కొలతల గీత పైకి పోతుంటే పాప పుంజుకుంటోందని అర్థం. తల పెరగడం ఆగిపోయి ఉంటే అప్పుడు ఆలోచించాలి. బరువు తక్కువే. 1.8 నుంచి మొదలైన పిల్లకు 5.9 అంటే నాకు చెడ్డగా కనిపించడం లేదు.

అసలు విషయం ఆ 1.8 దగ్గరే ఉంది. అంత బరువుతో దొరికిన బిడ్డను నేరుగా శిశుగృహకు తీసుకెళ్లరు. ఏదో ప్రభుత్వాసుపత్రి నవజాత శిశువుల వార్డులో, అంటే ఎస్ఎన్‌సీయూలో, కొన్ని రోజులు ఉంచి ఉంటారు. అక్కడి డిశ్చార్జి కాగితం అడగండి. మీ మూడు పేజీల కన్నా ఆ ఒక్క కాగితం ఎక్కువ చెబుతుంది: నెలలు నిండాయా లేదా, కామెర్లు ఎంత వచ్చాయి, ఫిట్స్ వచ్చాయా, ఆక్సిజన్ ఎన్ని రోజులు పెట్టారు, పుట్టగానే ఏడ్చిందో లేదో తెలియకపోయినా వార్డులో ఎలా ఉంది. నెలలు నిండక పుట్టి ఉంటే, మెడ నిలపడం, కూర్చోవడం అన్నీ ఆ తేడా తీసేసి లెక్కించాలి. ఏడు నెలల పాపను ఐదున్నర నెలల పాపగా చూడాల్సి రావచ్చు.

రెండు కిలోల లోపు బిడ్డకు నాలుగు వారాల వయసులోనే కంటి వెనక పొర చూడాలి. కళ్ల ఎదురుగా ‘నార్మల్’ అని రాసినవారు టార్చి వేసి చూసి రాశారా, ఆ పరీక్ష చేసి రాశారా? అడగండి. చేయకపోతే తాడిగడపలో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి మీకు దగ్గరే. చెవుల ఎదురుగా గీత అంటే పరీక్ష చేయలేదని. నార్మల్ అని కాదు. బెరా, అంటే నిద్రలో వైర్లు పెట్టి చేసే వినికిడి పరీక్ష, చేయించాలి. తక్కువ బరువు, కామెర్లు, కొన్ని ఇంజక్షన్లు, ఇవన్నీ చెవిని దెబ్బతీయగలవు.

థైరాయిడ్ పరీక్ష ఉందో చూడండి. పుట్టుకతో థైరాయిడ్ లోపం ఉంటే రోజుకు ఒక చిన్న మాత్ర చాలు, కానీ ఆలస్యమైతే బుద్ధి వికాసం దెబ్బతింటుంది. ఏజెన్సీ ప్రాంతం బిడ్డ అయితే సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు) పరీక్ష కూడా. హెచ్ఐవీ నెగటివ్ మంచి మాట. ఇక్కడ చదివే మిగతావారికి చెబుతున్నాను, 18 నెలల లోపు పిల్లలకు యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వస్తే అది తల్లి నుంచి దిగిన యాంటీబాడీ కావచ్చు. పీసీఆర్, అంటే వైరస్‌నే నేరుగా వెతికే పరీక్ష, చేయకుండా ఫైలు మూసేయకండి.

పట్టాభిపురం_పద్మ
డాక్టరు గారి పోస్టు ప్రింటు తీసి పెట్టుకున్నాను. మాది ఇంకా వరుసలో ఉంది.

సత్యనారాయణపురం_సుబ్బు
వెనక తల చదునుగా ఉందేమో చూడండి. ఎక్కువసేపు పడుకోబెట్టి ఉంచిన పిల్లలకు అలా అవుతుంది. మా పాపకు మా అమ్మ ఆవాల దిండు వేసి గుండ్రంగా తెచ్చింది.

అరండల్‌పేట_పిల్లలడాక్టరు
ఆవాలు తాలింపుకు వాడండి సుబ్బు గారూ. పసిపిల్లల పక్కలో దిండు వద్దు. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టండి, ఎత్తుకోండి. తల దానంతట అదే సర్దుకుంటుంది.

సత్యనారాయణపురం_సుబ్బు
ఈ మాట మా అమ్మకు మీరే చెప్పండి. ఫోను నంబరు ఇస్తాను.

కృష్ణలంక_కిరణ్
నేనొక మాట అంటే అందరూ మీద పడతారేమో. సామాజిక నేపథ్యం అన్నప్పుడు కులం కూడా తెలుసుకోవచ్చా? నాకు పట్టింపు లేదు. మా పెదనాన్న గారు అడుగుతున్నారు.

ఉయ్యాల_2019
పట్టింపు ఎప్పుడూ పెదనాన్న గారికే ఉంటుంది.

గుణదల_గోపి
మా ఇంట్లోనూ ఒక పెదనాన్న గారు అడిగారు. ‘బొడ్డుతాడు మీద రాయలేదు పెదనాన్నా’ అన్నాను. రెండేళ్లు మాట్లాడలేదు. ఇప్పుడు మా వాడిని దుర్గ గుడికి భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లేది ఆయనే.

శిశుగృహలో_పనిచేశాను
గోపి గారు సరదాగా అన్నారు కానీ బొడ్డుతాడు మీద నిజంగానే కొంత రాసి ఉంటుంది. నేను ఆరేళ్లు ఈ పని చేశాను, ఏ ఊరో చెప్పను. బిడ్డ వచ్చిన రాత్రి మేము మొదట చూసేది బొడ్డే. ప్లాస్టిక్ క్లిప్పు ఉంటే ఆసుపత్రిలో పుట్టింది. దారంతో కట్టి ఉంటే ఇంట్లో. తాడు పచ్చిగా ఉంటే నిన్నో ఇవాళో పుట్టింది, ఎండి ఉంటే కొన్ని రోజులు ఎవరో పెంచారు. పాలు తాగే తీరు చూస్తే తల్లి పాలు అలవాటు అయ్యాయో లేదో కూడా తెలుస్తుంది. ఇవన్నీ చేరిక రిజిస్టరులో రాస్తాం. ఆన్‌లైను ఫారంలో అంత చోటు ఉండదు, ‘పరిత్యక్త’ అని కొట్టేస్తాం. మా తప్పు కూడా ఉంది. ఒక్కొక్కరం మూడు పనులు చేసేవాళ్లం.

కాబట్టి ఫైలులో లేకపోతే లోకంలో లేదనుకోకండి. చేరిక రిజిస్టరు ఉంటుంది. పోలీసుల పంచనామా ఉంటుంది. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను వచ్చి ఉంటే దాని నమోదు, 108 వాహనం వచ్చి ఉంటే దాని చీటీ. తల్లిదండ్రులు ఎవరైనా ఉంటే రమ్మని పేపర్లో వేసిన ప్రకటన. రెండేళ్ల లోపు బిడ్డ అయితే బాలల సంక్షేమ సమితి రెండు నెలల్లో విచారణ ముగించి దత్తతకు స్వేచ్ఛ ఇస్తుంది, ఆ విచారణలో జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్లు ఊరికి వెళ్లి అడిగి రాసిన నివేదిక ఉంటుంది. అన్నీ మీ చేతికి ఇవ్వరు. కొన్ని ఇవ్వకూడదు. కానీ ‘దొరికిన చోటు ఎలాంటిది, ఒంటి మీద ఏమి ఉంది, ఎవరు ముందుగా ఎత్తుకున్నారు’ అని మర్యాదగా అడిగితే చెప్పేవాళ్లు చెబుతారు.

తల్లి స్వయంగా అప్పగించిన బిడ్డల సంగతి వేరు. ఆ తల్లికి మనసు మార్చుకోవడానికి 60 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపు మాట్లాడించాలి. ఫారం ముందు పెట్టి ‘వంశపారంపర్య వ్యాధులు ఉన్నాయా’ అంటే ఏ తల్లీ నోరు విప్పదు. ‘మీ అమ్మ కళ్లజోడు పెట్టుకుంటుందా, మీ నాన్న కాఫీలో చక్కెర వేసుకుంటారా’ అని మొదలుపెట్టేదాన్ని. చక్కెర దగ్గర మొదలై మేనరికం దాకా వచ్చేది మాట. ఒకమ్మాయి, తన పేరు రాయొద్దని చేయి పట్టుకుని బతిమాలింది, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి ‘పిల్లకు వేరుశెనగ పెట్టేటప్పుడు చూసుకోమనండి, నాకు ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి’ అంది. అది ఏ గడిలోనూ పట్టదు. అంచున పెన్నుతో రాశాను.

లబ్బీపేట_లత
చదువుతూ చేయి వణికింది. ఆ అంచున రాసింది పెంచుకున్నవాళ్లకు చేరిందా?

శిశుగృహలో_పనిచేశాను
నోటితో కూడా చెప్పాను. అందుకే చెబుతున్నాను, నోటితో చెప్పేవాళ్లను వెతకండి. సూపరింటెండెంటుతో మాట్లాడాక ఆయమ్మలతో మాట్లాడండి, ముఖ్యంగా రాత్రి డ్యూటీ ఆవిడతో. ఆవిడ డ్యూటీ ఎప్పుడో కనుక్కుని వెళ్లండి. చీరలూ స్వీట్లూ పట్టుకెళ్లొద్దు, తీసుకుంటే ఆవిడకే ఇబ్బంది. పక్కన కూర్చుని పాలు కలపడం నేర్పమనండి, చాలు.

మిరపయార్డు_మావయ్య
గేదె మాట వెనక్కి తీసుకుంటున్నాను. వేరుశెనగ సంగతి చదివాక.

నేను_పెంపుడు_కూతురినే
ఈ వేదికలో చదవడమే కానీ రాయను. ఇవాళ రాస్తున్నాను.

నాకు 31. మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు డాక్టరు ‘మీ అమ్మగారికి బీపీ ఉందా, కాన్పు కష్టమైందా’ అని అడిగారు. అలవాటుగా మా అమ్మకు బీపీ ఉందని చెప్పాను. బయటికి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాక వెలిగింది, ఆ జవాబుకు నా ఒంటితో సంబంధం లేదని. మళ్లీ లోపలికి వెళ్లి ‘తెలియదు అని రాసుకోండి’ అన్నాను. ఆవిడ కొట్టేసి రాశారు.

నా కాగితాలు ఒక పాత టిఫిన్ డబ్బాలో ఉండేవట. నాకు ఆరేళ్లప్పుడు మా అమ్మ పొయ్యిలో వేసింది. ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని భయం. ఆవిడ మీద కోపం పెట్టుకోలేదు అంటే అబద్ధం, ఇప్పటికీ ఏటా ఒకసారి వస్తుంది. తన ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నా వస్తుంది.

లత గారూ, సేకరించండి. కానీ సేకరించినది ఆ పాపది, మీది కాదు. మా ఇంట్లో కాగితాలు కాలిపోయాయి, కథ మాత్రం పేరంటాలకు వచ్చిన అందరికీ తెలుసు, నాకు తప్ప. మీ అత్తగారికి, ఆడపడుచుకు ‘చెట్టు కింద దొరికిందట పాపం’ అని చెప్పకండి. బీరువాలో పెట్టి తాళం వేయండి. పాప అడిగినప్పుడు ముందు తనకే.

పట్టాభిపురం_పద్మ
ఇప్పుడు మీరు వెతుక్కునే వీలు ఉంది కదా? మూలాల అన్వేషణ అని నిబంధనల్లో ఉంది. 18 నిండితే ఒంటరిగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నేను_పెంపుడు_కూతురినే
ఉంది. కన్నతల్లి గోప్యతకు భంగం కలగకుండా ఎంత చెప్పగలిగితే అంత చెబుతారు. అది న్యాయమే అనిపిస్తుంది నాకు. నేను పెట్టుకోలేదు. పెట్టుకుంటానేమో కూడా తెలియదు.

కృష్ణలంక_కిరణ్
నా ప్రశ్న తీసేయమని నిర్వాహకుడిని కోరుతున్నాను.

నిర్వాహకుడు
ఉండనివ్వండి. అడిగేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు.

గుణదల_గోపి
ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. పుట్టినరోజు. దొరికిన పిల్లలకు అది డాక్టరు అంచనా వేసి రాసినదే. మా వాడు వచ్చేసరికి రెండేళ్లని కాగితంలో ఉంది, బళ్లో వేసేసరికి తరగతిలో అందరికన్నా ఒక జానెడు పొడుగు. పాల పళ్లు ఊడిన లెక్క చూసి మా డాక్టరు మరో ఎనిమిది నెలలు కలిపారు. కాగితం మార్చలేదు. మేమే మనసులో కలుపుకున్నాం. అంచనా ఎవరు, దేన్ని చూసి వేశారో అడగండి.

అరండల్‌పేట_పిల్లలడాక్టరు
గోపి గారిది సరైన మాట. ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా ముఖ్యం. మన దేశం నుంచి స్వీడన్‌కు దత్తత వెళ్లిన అమ్మాయిల మీద 1991లో అచ్చయిన పరిశీలనలో వాళ్లు సగటున 11.6 ఏళ్లకే పెద్దమనుషులయ్యారు, కొందరు ఇంకా ముందే. చిన్నప్పుడు తిండి లేక ఆగిన పెరుగుదల, తరువాత ఒక్కసారిగా అందుకోవడం ఒక కారణమని అనుకున్నారు. వయసు అంచనా కూడా తప్పితే లెక్క మొత్తం తారుమారు. ఇది భయపెట్టడానికి కాదు, ఎనిమిదో ఏట నుంచి ఎత్తు గమనించుకోవడానికి.

సత్యనారాయణపురం_సుబ్బు
మా బంధువొకాయన ఇవేవీ లేకుండా ఒక నర్సింగ్ హోములో ‘ఏర్పాటు’ చేసుకుందామని తిరుగుతున్నాడు. కాగితాలు, క్యూ ఏమీ ఉండవట.

శిశుగృహలో_పనిచేశాను
కాగితాలు ఉండవు, నిజమే. బిడ్డ ఎవరిదో, తల్లి ఒప్పుకుందో, ఎత్తుకొచ్చారో కూడా ఉండదు. పిల్లల అమ్మకం, కొనుగోలు 81వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు, లక్ష జరిమానా. ఆసుపత్రి సిబ్బందికైతే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు. పెంచుకున్న బిడ్డను నాలుగేళ్ల తరువాత పోలీసులు తీసుకుపోతుంటే చూశాను ఒకసారి. ఆయనకు చెప్పండి.

లబ్బీపేట_లత
12 రోజుల తరువాత రాస్తున్నాను. ఆ రాత్రే రిజర్వు చేశాం, గడియారంలో ఇంకా 19 గంటలు మిగిలి ఉండగానే.

వెళ్లాం. నోటుపుస్తకం పట్టుకెళ్లాను. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం వాళ్ల దగ్గరే ఉంది, ఎవరూ అడగలేదు కాబట్టి ఇవ్వలేదట. 34 వారాలని అంచనా, కామెర్లకు నాలుగు రోజులు లైటు కింద పెట్టారు, ఫిట్స్ లేవు. కంటి వెనక పొర రెండుసార్లు చూశారు, బాగుంది. థైరాయిడ్ సరిగ్గానే ఉంది. చెవి పరీక్ష మాత్రం నిజంగానే చేయలేదు. రిజిస్టరులో ఒక వాక్యం ఉంది, ‘బొడ్డుకు క్లిప్పు’ అని. మిగతాది ఇక్కడ రాయను. పైన చెల్లి చెప్పినట్టు అది పాపది.

రాత్రి ఆయమ్మ కోసం సాయంత్రం దాకా ఆగాం. ఆవిడ మొదట మాట్లాడలేదు. సీసా కడగడం చూపించింది. తరువాత ‘నిద్ర వస్తే కుడి చెవి తమ్మె పట్టుకుని లాక్కుంటుంది, చెవిపోటు అనుకుని మందు వేయకండి, అది దాని జోలపాట’ అంది. నేను ఒక్కదాన్నే ఉంటే మొదటి రాత్రే ఆసుపత్రికి పరిగెత్తేదాన్ని.

అంగీకార పత్రం మీద సంతకం పెట్టాం. పాప నాలుగు రోజులుగా ఇంట్లో ఉంది. సోమవారం బెరా.

అరండల్‌పేట_పిల్లలడాక్టరు
ఆ పరీక్షకు పాప నిద్రపోవాలి. ముందు రాత్రి కొంచెం ఆలస్యంగా పడుకోబెట్టండి.

లబ్బీపేట_లత
బెరా అయింది. నిద్రపోయింది కానీ వైర్లు పెట్టే చెవినే పట్టుకుని. చేయి తీశాం, మళ్లీ పెట్టింది. తీశాం, మళ్లీ పెట్టింది. చివరికి టెక్నీషియన్ గారు తన వేలు ఆ గుప్పిట్లో పెట్టి అరగంట కదలకుండా కూర్చున్నారు. రెండు చెవులూ వినిపిస్తున్నాయి.

ఉయ్యాల_2019
మా ఇంట్లో ఇవాళ పాయసం.

మిరపయార్డు_మావయ్య
అంతా బాగుంది. ఇంతకీ పళ్లు వచ్చాయా?

లబ్బీపేట_లత
కింద ఒకటి తెల్లగా కనిపిస్తోంది మావయ్య గారూ. చూడటానికి రండి, వేలు మాత్రం దూరంగా పెట్టుకోండి.